కరోనాకి వచ్చిన సూది మాకెందుకు రాలేదక్కా?

పోయిన నెల మాగాయ ముచ్చట పెట్టుకున్నాం. ఈసారిది కాస్త బరువైన సంగతి. మొన్న ఒక పిల్ల అడిగిన ప్రశ్నకి నా దగ్గర చప్పున జవాబు లేకపోయింది. ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకి జువాలజీ చెప్పి రిటైరైన దాన్ని, నాకే జవాబు తోచకపోతే ఎలా ఉంటుందో మీరే చెప్పండి.

మా వీధి చివర జాకెట్లు కుట్టే అమ్మాయి ఉంది. పేరు రాయను. "నా పేరు తప్ప ఏదైనా రాసుకో అక్కా" అని తనే అంది. పెళ్లయిన కొన్నేళ్లకే మొగుడు పోయాడు. ఆ తర్వాత పరీక్ష చేయిస్తే తనకీ హెచ్‌ఐవీ ఉందని తేలింది. చంటిపిల్లకి మాత్రం దేవుడి దయవల్ల లేదు. అప్పుడు తన సీడీ4 కౌంట్, అంటే ఒంటి రక్షణని నడిపించే కణాల లెక్క, 110. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి 500 పైనే ఉంటుంది, 200 లోపుకి దిగితే ఎయిడ్స్ దశ అంటారు. ఇప్పుడు తనకి 640. వైరల్ లోడ్ పరీక్షలో వైరస్ కనిపించడమే లేదు. రాత్రి 9 కొట్టగానే ఫోనులో అలారం మోగుతుంది. మిషను తొక్కడం ఆపి బిళ్ల మింగుతుంది, మళ్లీ తొక్కుతుంది.

మొన్న జాకెట్టు ఇవ్వడానికి వచ్చి గుమ్మంలో నిలబడే అడిగింది. "అక్కా, నువ్వు కాలేజీలో ఈ పాఠాలే చెప్పావంట కదా. కరోనాకి ఏడాది తిరక్కుండా సూది వచ్చింది. మా జబ్బు బయటపడి నలభై ఏళ్లు దాటింది. మాకెందుకు రాలేదు? బీదోళ్లమనా?"

బీదవాళ్ల జబ్బులకి డబ్బు ఆలస్యంగా కదులుతుందన్నది నిజమే. ఆ మాట నేను కొట్టేయను. కానీ ఈ టీకా విషయంలో డబ్బూ పోశారు, పేరున్న బుర్రలూ పనిచేశాయి. 1984 ఏప్రిల్లో అమెరికా ఆరోగ్య మంత్రి మార్గరెట్ హెక్లర్ విలేకరుల ముందు నిలబడి, రెండేళ్లలో టీకా పరీక్షకి సిద్ధమవుతుందని ప్రకటించింది. పరీక్షలైతే జరిగాయి, టీకా మాత్రం ఇంకా రాలేదు! "కూర్చో, కాఫీ పెడతా. ఇది నిలబడి చెప్పుకునే మాట కాదు" అన్నాను.

కరోనా వస్తే నూటికి తొంభై మందికి పైగా వాళ్ల ఒళ్లే దాన్ని గెలిచింది. అంటే ఎలా గెలవాలో ఒంటికి తెలుసు. టీకా చేసేవాళ్లకి ఆ దారి కళ్లముందే ఉంది, ముందుగా ఒంటికి గుర్తుచేస్తే చాలు. మశూచి అయినా, తట్టు అయినా అంతే. హెచ్‌ఐవీ అలా కాదు. ఇన్ని కోట్ల మందికి సోకితే, మందూ మాకూ లేకుండా దాన్ని పూర్తిగా వదిలించుకున్నవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. చూసి రాసుకోవడానికి పక్క పిల్ల కాగితం కూడా లేని పరీక్ష ఇది.

ఎందుకలా అంటే, అది వెళ్లి కూర్చునే చోటు అలాంటిది. క్లాసులో నేను తెల్ల రక్తకణాలు సైనికులని చెప్పేదాన్ని, పిల్లలు బుద్ధిగా రాసుకునేవాళ్లు. ఈ పిల్ల ముందు ఆ పోలిక నిలవలేదు. సీడీ4 కణం సైనికుడు కాదమ్మా, పెళ్లింట్లో మేనత్త. తను గరిటె పట్టదు, విస్తరి వెయ్యదు. కానీ ఎవరు బస్టాండుకి వెళ్లాలి, ఎవరు పాలు చూడాలి, ఎవరు మగపెళ్లివారికి కాఫీలు అందించాలి అన్నీ ఆవిడ నోట రావాల్సిందే. ఆవిడ మంచం పట్టిందంటే ఇంటినిండా మనుషులుండి కూడా పని జరగదు. ఒంట్లో కిల్లర్ కణాల్ని కదిలించేదీ, యాంటీబాడీలు చేసే బీ కణాలకి పాఠం చెప్పేదీ ఈ సీడీ4 టీ కణమే. హెచ్‌ఐవీ సరిగ్గా ఆవిడనే పట్టుకుంటుంది. ఆవిడ ఒంటి మీది సీడీ4 ప్రొటీనుకి అతుక్కుని, పక్కనే ఉన్న సీసీఆర్5 అనే ఇంకో ప్రొటీను సాయంతో లోపలికి దూరుతుంది. ఆ సీసీఆర్5 పుట్టుకతోనే లేని మనిషి మూలుగ ఎక్కించాకే కదా బెర్లిన్‌లో టిమోతీ బ్రౌన్ అనే హెచ్‌ఐవీ రోగి‌కి వైరస్ పోయింది. అది క్యాన్సర్ కోసం చేసిన ప్రాణాంతకమైన చికిత్స, అందరికీ చేసేది కాదు.

ఇంకో చిక్కుంది. ఊరికే కూర్చున్న మేనత్త కన్నా హడావిడిగా తిరుగుతున్న మేనత్తే దానికి తేలిగ్గా దొరుకుతుంది. అంటే జబ్బు మీదికి లేచిన కణమే జబ్బుకి ఇల్లవుతుంది. మొదటి కొద్ది వారాల్లోనే పేగుల గోడల్లో ఉండే సీడీ4 కణాలు గుంపులు గుంపులుగా పోతాయి. టీకా అంటేనే ఈ కణాల్ని లేపడం. మరి లేపితే ఎర వేసినట్టవుతుందేమో! ఈ భయం టీకా చేసేవాళ్లని ఇప్పటికీ వదల్లేదు.

"మరి నా ఒంట్లో కనిపించడం లేదన్నారుగా?" అంది.

కనిపించడం లేదు కానీ పోలేదు. ఈ వైరస్ తన రాతని మన కణం డీఎన్ఏలోనే రాసేస్తుంది. అలా రాయించుకున్న కొన్ని కణాలు పని చాలించి నిద్రపోతాయి. నిద్రపోయే కణంలో వైరస్ తయారవదు, తయారవని దాన్ని మందూ పట్టుకోలేదు, ఒంటి కాపలా కూడా గుర్తుపట్టలేదు. బిళ్ల ఆపితే చాలామందికి కొద్ది వారాల్లోనే ఆ రాత మళ్లీ లేస్తుంది. ఆ తొమ్మిది గంటల అలారం అందుకే.

ఇక సీడీ8 కణాలు, కిల్లర్లు. ఇవి చాలా పని చేస్తాయి, పాపం. సోకిన మొదట్లో వైరస్ ఆకాశానికి ఎగబాకి మళ్లీ దిగుతుంది. ఆ దించేది చాలావరకు వీళ్లే. కోతుల్లో వచ్చే ఇలాంటి వైరస్ మీద చేసిన పరీక్షల్లో సీడీ8 కణాల్ని తీసేస్తే వైరస్ పట్టపగ్గాల్లేకుండా పెరిగింది. మన ఒంట్లో ప్రతి కణం తన లోపల తయారవుతున్న ప్రొటీన్ల ముక్కల్ని గడప మీద పెట్టి చూపిస్తుంది. అందులో పరాయి ముక్క కనిపిస్తే కిల్లర్ కణం ఆ ఇంటినే కూల్చేస్తుంది. కానీ హెచ్‌ఐవీ తనని తాను కాపీ చేసుకునేటప్పుడు తప్పులు దిద్దుకోదు. ఆ తప్పుల పుణ్యమా అని గడప మీద ముక్క రూపం మారిపోతుంది. కిల్లర్ కణం పాత ముక్క కోసం వెతుకుతూ తిరుగుతుంది.

అయితే వందలో ఒక్కరికన్నా తక్కువగా కొందరున్నారు. మందు వాడకుండానే ఏళ్ల తరబడి వైరస్‌ని అణచిపెడతారు. ఎలీట్ కంట్రోలర్స్ అంటారు వాళ్లని. వీళ్లలో చాలామందికి హెచ్ఎల్ఏ బీ57 లేక బీ27 అనే జన్యువులుంటాయి. ఆ ముక్కల్ని గడప మీద పెట్టే పళ్లెం రకమన్నమాట. మిగతావాళ్ల పళ్లెంలో పడని ముక్కలు వీళ్ల పళ్లెంలో పడతాయి. ముఖ్యంగా వైరస్ లోపలి గూడు కట్టే క్యాప్సిడ్ ప్రొటీను ముక్కలు. వాటిని మార్చుకుంటే వైరస్ గూడే సరిగా నిలవదు.

ఈ మాట చెప్పడానికి నేను నానా తిప్పలూ పడుతుంటే ఆ పిల్ల టీపాయ్ మీదున్న నా జాకెట్టు తీసి చంక దగ్గర వేలు పెట్టింది. "అంచు మార్చుకోవచ్చు, లేసు మార్చుకోవచ్చు, గుండీలు మార్చుకోవచ్చు. ఈ చంక కుట్టు విప్పితే మాత్రం చెయ్యి ఊడొస్తది. వాళ్ల కణాలు ఈ కుట్టు పట్టుకున్నాయి. అంతేనా అక్కా?"

అంతే. ముప్పై ఏళ్లలో నాకు తట్టని పోలిక ఇది. ఈ పిల్ల నా క్లాసులో ఉండుంటే బాగుండేది, ఇంటర్‌లోనే పెళ్లి చేసేశారు.

కిల్లర్ కణాల మీద ఆశ పెట్టి మెర్క్ కంపెనీ ఒక టీకా చేసింది. జలుబు తెచ్చే అడినో వైరస్‌ని బండిగా వాడి అందులో హెచ్‌ఐవీ ముక్కలు మూడింటిని పెట్టారు. 3 వేల మంది దాకా వలంటీర్లు. ఆ పరీక్ష పేరు స్టెప్. 2007 సెప్టెంబరులో మధ్యలోనే ఆపేశారు. టీకా వేసినవాళ్లలో టీ కణాలు లేచాయి, అయినా ఇన్ఫెక్షన్ ఆగలేదు. పైగా ఆ జలుబు వైరస్ మీద ముందే యాంటీబాడీలున్న, సున్తీ లేని మగవాళ్లలో టీకా పడ్డవాళ్లకే ఎక్కువ సోకింది. ఇందాక చెప్పిన ఎర భయం అప్పుడు అందరి గుండెల్లోనూ బలంగా నాటుకుంది. నాకు తోచింది చెప్తాను. ఆ కణాలు చంక కుట్టు కన్నా అంచులూ లేసులూ ఎక్కువ పట్టుకున్నాయి. అదీగాక కిల్లర్ కణం సోకిన కణాన్నే చంపగలదు. సోకడం ఆపలేదు. డీఎన్ఏలో రాత పడ్డాక వచ్చే పోలీసు అది.

గడప దగ్గరే ఆపాలంటే యాంటీబాడీ కావాలి. అక్కడా హెచ్‌ఐవీ గడుసుదే. దాని పైన ముళ్లలా పొడుచుకొచ్చే ప్రొటీన్లు ఒక్కో వైరస్ మీద సుమారు 14 మాత్రమే. వాటికీ దట్టంగా చక్కెర పూత. ఆ చక్కెర వైరస్‌ది కాదు, మన కణం వంటింట్లోదే. మన పిండి, మన పాకం పూసుకుని వచ్చిన కజ్జికాయని పరాయిదని ఎవరంటారు?

2009లో థాయిలాండ్‌లో జరిపిన టీకా పరీక్ష ఫలితం వచ్చింది. 16 వేల మందికి పైగా వలంటీర్లు. విడివిడిగా పెద్ద ఆశల్లేని రెండు టీకాల్ని కలిపి వేశారు. 31 శాతం కాపాడింది. పత్రికలన్నీ పెదవి విరిచాయి. నాకు మాత్రం ఆ 31 ఇప్పటికీ ముద్దే. ఎందుకంటే మొదటిసారి ఒక టీకా కొంతైనా కాపాడింది, ఎలా కాపాడిందో వెతికితే ఆధారం దొరికింది. వైరస్ ముల్లు కొసన ఉండే వీ1వీ2 అనే భాగాన్ని పట్టుకునే యాంటీబాడీలు ఎక్కువున్నవాళ్లకి తక్కువ సోకింది. ఆ యాంటీబాడీలు వైరస్‌ని నేరుగా ఆపేంత గట్టివి కావు. సోకిన కణానికి అంటుకుని, ఇదిగో ఇక్కడుంది అని నేచురల్ కిల్లర్ కణాల్ని పిలిచే రకం.

అదే దారిలో దక్షిణాఫ్రికాలో 5,407 మందితో మళ్లీ ప్రయత్నించారు. 2020 ఫిబ్రవరిలో ఆపారు. టీకా వేసినవాళ్లలో 129 మందికి, ఉత్తుత్తి సూది వేసినవాళ్లలో 123 మందికి సోకింది. తర్వాత ఆఫ్రికాలో 2,600 మంది ఆడవాళ్లతో ఇంబొకొదో అనే పరీక్ష. జులూ భాషలో రాయి అని అర్థం, అక్కడి ఆడవాళ్ల పోరాట నినాదంలోంచి తీసుకున్న పేరు. 2021లో దానిదీ ఓటమే. ఈ లెక్కలు చదువుతుంటే నాకు అంకెలు కనిపించవు. మన పిల్లల వయసు ఆడపిల్లలు చెయ్యి చాపి సూది వేయించుకుని, మళ్లీ మళ్లీ రక్తం ఇచ్చి, ఏమీ దక్కకుండా ఇళ్లకి వెళ్లారు. మన పుణేలో 2005లో, చెన్నైలో 2006లో చిన్న చిన్న పరీక్షలు జరిగినప్పుడు కూడా పదుల మంది ముందుకొచ్చారు. వాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు.

పేరు తెలిసిన ఇద్దరి గురించి ఇక్కడ చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. 1986లో మద్రాసులో నిర్మల అనే మైక్రోబయాలజీ విద్యార్థిని, తన ప్రొఫెసరు సునీతి సోలమన్ చెప్పారని, రిమాండ్ హోముల్లో ఉన్న ఆడవాళ్ల రక్త నమూనాలు పోగుచేసింది. దాచడానికి చోటు లేక ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టింది. భర్తతో కలిసి రాత్రి రైలెక్కి వేలూరు తీసుకెళ్లి పరీక్ష చేయించింది. మన దేశంలో హెచ్‌ఐవీ ఉందని మొదట బయటపడింది అలా. పాలూ పెరుగూ పక్కన ఆ సీసాలు పెట్టిన ఇల్లాలి ధైర్యం చూడండి!

సరే, మళ్లీ టీకా దగ్గరికి. సోకిన కొందరిలో రెండు మూడేళ్ల తర్వాత చాలా గొప్ప యాంటీబాడీలు పుడతాయి. ప్రపంచంలో తిరిగే రకరకాల హెచ్‌ఐవీల్ని పట్టగలవవి. ఆ మనిషికి మాత్రం పెద్దగా ఉపయోగపడవు, ఆలోపు వాళ్ల ఒంట్లో వైరస్ రూపం మార్చేసి ఉంటుంది. 2010లో బయటపెట్టిన వీఆర్‌సీ01 అలాంటిదే. దాన్ని సెలైన్‌లా ఎక్కించి చూస్తే, 2021లో వచ్చిన ఫలితం ప్రకారం మొత్తమ్మీద పనిచేయలేదు, కానీ దానికి లొంగే రకం వైరస్‌లని మాత్రం 75 శాతం ఆపింది. అంటే గురి సరైనదే, ఒక్క బాణం చాలదు.

ఆ యాంటీబాడీని ఒళ్లే ముందుగా తయారుచేసుకునేలా చెయ్యాలి. చిక్కేమిటంటే, దానికి మూలమైన బీ కణం సుమారు 3 లక్షల్లో ఒకటి ఉంటుంది. ఆ ఒక్కదాన్నీ వెతికి పిలిచి పాఠం చెప్పాలి. ఒక్క సూదితో అయ్యే పని కాదు. మనకి ముగ్గు ఎలా నేర్పారు? అమ్మ మొదటి రోజే పదిహేను చుక్కల మెలికల ముగ్గు వెయ్యమందా? ముందు చుక్కలు వరసగా పెట్టమంది. తర్వాత కలపమంది. చుక్కల చుట్టూ తిప్పడం చివర్న. అలాగే విలియం షీఫ్ అనే శాస్త్రవేత్త బృందం మొదటి పాఠానికి మాత్రమే ఒక సూది తయారుచేసింది. 2022 చివర్లో ఫలితాలు అచ్చయ్యాయి. టీకా వేయించుకున్న 36 మందిలో 35 మందికి ఆ అరుదైన బీ కణాలు లేచాయి. ఇన్నేళ్లుగా దెబ్బ మీద దెబ్బ తిన్నవాళ్లకి అది పండగే. తర్వాత ఎంఆర్ఎన్ఏ పద్ధతిలో అమెరికాలోనూ, రువాండా, దక్షిణాఫ్రికాల్లోనూ చేసి చూశారు. 2025లో వచ్చిన ఫలితాల్లో, అమెరికా వలంటీర్లలో రెండో పాఠం కూడా ఎక్కినట్టు కనిపించింది. మెలికల ముగ్గు దాకా ఇంకా చాలా దూరముంది. చుక్కలు కుదిరాయి, అంతే.

బీ కణానికి ఈ ముగ్గు నేర్పేది ఎవరనుకున్నారు? గజ్జల్లో, చంకల్లో తగిలే బిళ్లలున్నాయే, ఆ లింఫు గ్రంథుల్లో కూర్చుని ఏది బాగా వేసిందో చూసి దాన్నే పైకి పంపేది మళ్లీ మన మేనత్తే, సీడీ4 కణం. హెచ్‌ఐవీ తినేదీ ఆవిడనే. అందుకే ఈ చదువంతా వైరస్ రాకముందే అయిపోవాలి. చివరికి టీకా అంటూ వస్తే, గడప దగ్గర యాంటీబాడీ, దాన్ని దాటొచ్చినవాటికి చంక కుట్టు పట్టే కిల్లర్ కణాలు, రెండూ ఉన్నదే నిలుస్తుందని నా నమ్మకం. ఒక్కదాన్నే నమ్ముకున్న ప్రతిసారీ దెబ్బతిన్నాం.

ఆ పిల్ల అంతా విని, "నాకు వచ్చేసింది, పోనీలే. మా పాపకి?" అంది. ఏ తల్లయినా అడిగేది అదే.

టీకా కాని ఒక సూది వచ్చిందమ్మా, లెనకాపవిర్. ఆరు నెలలకొకసారి, హెచ్‌ఐవీ లేనివాళ్లకి, రాకుండా. 2024లో వచ్చిన ఫలితంలో దక్షిణాఫ్రికా, ఉగాండాల్లో ఆ సూది తీసుకున్న 2,134 మంది ఆడవాళ్లలో ఒక్కరికీ సోకలేదు. సున్నా! అది పట్టుకునేది దేన్నో తెలుసా? ఆ క్యాప్సిడ్ గూడునే. నువ్వు వేలు పెట్టి చూపించిన చంక కుట్టే. మన ఒంటి కణాలు దశాబ్దాలుగా చూపిస్తున్న చోటుకే మందూ వచ్చి చేరింది. దీన్ని చౌకగా తయారుచేయబోయేవాళ్లలో మన హైదరాబాదు కంపెనీలు రెండున్నాయి, డాక్టర్ రెడ్డీస్, హెటెరో. 2027 నుంచి 120 పేద, మధ్య ఆదాయ దేశాలకి ఏడాదికి 40 డాలర్లకే ఇస్తామని 2025 సెప్టెంబరులో ప్రకటించారు. అయితే ఒళ్లు నేర్చుకునే పాఠం కాదిది, సూది మానేస్తే కాపలా పోతుంది. టీకా అవసరం తీరిపోలేదు.

వెళ్తూ వెళ్తూ ఆ అమ్మాయి నా జాకెట్టు చంకలో అరంగుళం వదులు చేసిస్తానని తీసుకుపోయింది. ఆమె సంగతి తెలిశాక కుట్టించడం మానేసినవాళ్లు మా వీధిలో ముగ్గురున్నారు. సూదీ దారం వల్ల, జాకెట్టు వల్ల హెచ్‌ఐవీ రాదని వాళ్లకీ తెలుసు. ఆ ముగ్గురూ ఈ పత్రిక చదువుతారు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

హెచ్‌ఐవీతో బతుకుతున్నవాళ్లు దేశంలో మహారాష్ట్ర తర్వాత ఎక్కువగా మన ఆంధ్రలోనే ఉన్నారు. మందులు 2004 నుంచి సర్కారు ఏఆర్‌టీ సెంటర్లలో ఉచితం. మీ ఇంట్లో కడుపుతో ఉన్న పిల్లలుంటే మొదటి నెలల్లోనే ఈ పరీక్ష చేయించండి. ఎవరినీ అడగలేని సందేహం ఉంటే 1097కి ఫోన్ చెయ్యండి. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు పడవు.